తుమ్మ పీపా

బీరు నురగ రెండోసారి కూడా నిలవలేదు. గ్లాసు అంచుదాకా లేచి, సువర్ణ చూస్తుండగానే మధ్యలో గుంటపడి, అంచులకు జరిగి, లేకుండా పోయింది. మొదటిసారి గ్లాసుదే తప్పనుకున్నారు. "మా తోమాసు మజ్జిగ తాగిన గ్లాసేమోనమ్మాయ్" అన్నారు శోభనాద్రిగారు, నవ్వబోతే దగ్గు వచ్చి మఫ్లరు నోటికి అడ్డం పెట్టుకుంటూ. ఆమె గ్లాసును ఉప్పుతో రుద్ది కడిగి, బోర్లించి, తడి ఆరేదాకా ఆగి, మళ్ళీ పీపా దగ్గరికి వెళ్ళి పట్టుకొచ్చింది. మళ్ళీ అంతే. ఈసారి ఆయన గ్లాసును ఏమీ అనలేదు. "కర్ర పీపాలో ఉంటే గ్యాసు దిగిపోతుంది. జర్మనీలోనూ అంతే" అన్నారు. దిగిపోతుంది, నిజమే. గ్యాసు తగ్గితే నురగ తక్కువ వస్తుంది. వచ్చిన నురగ ఇలా విరిగిపోదు. నురగ విరగాలంటే నూనె తగలాలి. ఆ సంగతి బీరు కంపెనీలో ఆమెకు నేర్పింది ఆయనే. లాబ్‌లో చేరిన మొదటి వారంలో, తలకు రాసుకున్న కొబ్బరినూనె వేలికొనకు అద్దుకుని, ఆ వేలు నురగకు ఆనించి, "చూడు, ఎలా చచ్చిపోయిందో" అన్నారు.

గ్లాసు బల్ల మీద పెట్టింది. ఇక ఆగాలి. చల్లగా ఉన్నంతసేపు బీరు తన గుట్టు బయటపెట్టదు. చలి తప్పుల్ని దాస్తుంది. చలి వదిలేదాకా చెయ్యి తగలకుండా ఉంచి, మధ్యలో ఒకసారి వాసన చూసి, పూర్తిగా వదిలాక తాగి చెప్పాలి. డిసెంబరు సాయంత్రం, గిలకలదిండి ఐసు ఫ్యాక్టరీ వెనకగదిలో, అది గంట పని. ఆయన ఎదురుగా చేపలపెట్టె బోర్లించుకుని కూర్చున్నారు. ఆమె మొహం వైపు చూడకుండా గ్లాసు వైపు చూస్తున్నారు. రుచి చూసేవాళ్ళ మొహం చూడకూడదన్నది కూడా ఆయన పెట్టిన నియమమే. చూస్తే వాళ్ళు మనకోసం నటిస్తారు. గోడ అవతల కంప్రెసరు ఆగి, మళ్ళీ మొదలైంది. ఎవరో ఐసు దిమ్మను కొక్కెంతో లాగుతున్నారు, సిమెంటు మీద గీసుకుంటూ పోతున్న చప్పుడు. అటు పడవల రేవు. అక్కణ్ణించి వచ్చే వాసన తలుపు వేసినా ఆగదు. ఆ వాసనే కావచ్చు. మొదటి గుక్కలో తగిలింది రేవు వాసనే కావచ్చు.

తగిలిందా? చల్లటి గుక్క, నాలుక మీద పెట్టి, అటూ ఇటూ తిప్పి, మింగి, ముక్కులోంచి గాలి వదిలింది. ఆ వదిలే గాలిలో, చివర్న, ఏదో. పేరు పెట్టేలోపు పోయింది. ఆమె జాకెట్టు చేతిని పైకి జరిపి మోచేతి మడతలో ముక్కు పెట్టి పీల్చింది. వరసగా వాసనలు చూసి ముక్కు మొద్దుబారినప్పుడు అలా చెయ్యాలి. మనిషికి తన ఒంటి వాసన తెలియదు కనుక ముక్కు పలక తుడిచినట్టు అవుతుందట. కానీ ఆమె ఒంటి వాసన ఏమిటిప్పుడు? రోజూ పొద్దున్నుంచి రొయ్యల తలలు విరిచి వాసన చూసే మనిషి. కృత్తివెన్ను ప్లాంటులో ట్రేలు ముందుకొస్తాయి, ఆమె ఒక్కో ట్రేలోంచి రొయ్య తీసి, విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, బాగుంది, బాగుంది, వద్దు, అంటుంది. బస్సులో పక్కన కూర్చున్న ఆడవాళ్ళు కిటికీ తీస్తారు. ఇవాళ రెండుసార్లు స్నానం చేసింది, సబ్బు లేకుండా. పెడనలో ఎక్కిన ముసలామె ఒళ్ళో మల్లెచెండు పెట్టుకుని, "ఉత్త తలతో పోతున్నావేంటమ్మా, ముత్తైదువవేగా, ఓ మూరుంచుకో" అంటే వద్దంది. "దేవుడి దగ్గరికి కాదులే అయితే" అంది ముసలామె. కంపెనీలో కూడా అదే పేరు, పూలు పెట్టుకోని సువర్ణ. బీరు రుచి చూసే రోజు పూలు వద్దు, పౌడరు వద్దు, కాఫీ వద్దు, పోపు పెట్టిన వంటింట్లోకే పోవద్దు. వాళ్ళత్తగారు ఆ నియమాలు విని, "ఏదో ఉపాసన చేసినట్టే చేస్తావు కదమ్మా, ఆ పాడు నీళ్ళకి" అంది. అని, పోపు పెట్టేముందు తలుపు వేసేది.

పాడు నీళ్ళే. మద్యనిషేధం వచ్చిన ఏడు కంపెనీ మూతపడింది. తొట్లలో ఉన్నదంతా మురిక్కాలవలోకి వదిలారు, ఎక్సైజువాళ్ళు నిలబడి చూశారు. శోభనాద్రిగారు కూడా నిలబడి చూశారు, బీరు తయారీ చూసే హెడ్ బ్రూయరు కనుక, సంతకం ఆయనదే కావాలి కనుక. కాలవ పొడుగునా నురగ. "ఎంతసేపు నిలిచిందో చూశావా" అన్నారు ఆమెతో, ఆ ఒక్క మాటే. తర్వాత ఆయన బందరు వచ్చేశారు, ఆమె రొయ్యలకు వచ్చింది. నిషేధం ఎత్తేశాక కంపెనీ తెరిచారుగానీ కొత్తవాళ్ళను పెట్టుకున్నారు. ఇరవై ఏళ్ళు ఆయన తయారుచేసింది ఒకటే బీరు. ఎండలో అమ్ముడుపోయేది, ఐసులో పెట్టి తాగేది, తాగాక గుర్తుండనిది. జర్మనీలో చదువుకున్న రెండేళ్ళలో ఒక నేలమాళిగలో ఒక ముసలాయన కర్రపీపాలోంచి పట్టి ఇచ్చిన గ్లాసు సంగతి మాత్రం ఎన్నిసార్లు చెప్పారో. చలికాలం చివర సన్యాసులు ఉపవాసంలో తాగేదట, అన్నం బదులు. నల్లగా కాదు, ఎర్రగా కాదు, తుమ్మబంకను దీపానికి అడ్డం పెట్టినట్టు ఉంటుందనేవారు. స్టీలు తొట్టి బీరును కాపాడుతుంది, కర్ర దాంతో కలిసి బతుకుతుందనేవారు. ఓనరు దగ్గర ఆ మాట ఎత్తితే "కర్రెందుకండీ శోభనాద్రిగారూ, పొయ్యిలోకా?" అన్నాడు. మీటింగులో అందరూ నవ్వారు. సువర్ణ కూడా నవ్వింది, అందరూ నవ్వుతుంటే.

బల్ల మీది గ్లాసుకు చెమట పట్టింది. వెలుగుకు అడ్డంగా ఉంది కనుక రంగు తెలుస్తోంది. తుమ్మబంక రంగే. ఆయన చెప్పిన రంగు సరిగ్గా తెచ్చారు. మార్చిలో, ఈ గదిలోనే, తోమాసు ఎంత భయపడినా ఒప్పించి. ఐసు ఫ్యాక్టరీ తోమాసుది. "లైసెన్సు లేని సరుకు బావగారూ, పట్టుకుంటే నన్ను కూడా ఐసులో పెడతారు" అన్నాడట. బావగారనడం ఊరికే, చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్న చనువు. మార్చిలో కాచిన బీరు ఐసుగదిలో స్టీలు క్యానుల్లో వర్షాలదాకా నిద్రపోయింది. ఈలోపు నాగాయలంకలో పడవలు కట్టే దైవాధీనం పీపా చెయ్యాలి. జర్మనీ పీపాల ఓక్ చెక్క ఇక్కడెక్కడిది, పడవకు వాడే నల్లతుమ్మే తీసుకున్నారు. ఈలోపు ఆయన గొంతులో గడ్డ బయటపడింది. గుంటూరులో రేడియేషన్ ఇచ్చారు. ఆగస్టులో పీపా వచ్చేసరికి ఆయన నాలుక పోయింది. "అన్నం దూదిలా ఉంది, ఆవకాయ తడిమట్టిలా ఉంది" అన్నారు, ఆమె చూడడానికి వెళ్ళినప్పుడు, వాతావరణం చెప్పినట్టు. "పోతే పోయింది. ముక్కు ఉంది. సగం పని ముక్కుదే కదా" అన్నారు. మళ్ళీ పోయిన నెలలో బస్టాండులో కనిపించి, గడ్డ తిరిగి వచ్చిందనీ, డాక్టర్లు ఇక ఏమీ చెయ్యలేమన్నారనీ, క్రిస్మస్‌కు ముందు ఒక ఆదివారం ఖాళీ చేసుకోమనీ చెప్పారు. "ఇంకో మార్చికి మాల్టు నానబెట్టేది లేదమ్మాయ్. ఉన్నది ఈ ఒక్క పీపా. నీ నాలుక ఒకసారి అరువియ్యి" అన్నారు.

తలుపు అవతల మాటలు. దైవాధీనం పొద్దున్నే బయల్దేరి, అవనిగడ్డలో బస్సు మారి వచ్చాడు, తన పీపా సంగతి తేల్చుకుపోవాలని. "పాసా ఫెయిలా చెప్పరేంటండి తోమాసుగారూ, టెన్తు క్లాసు రిజల్టుకి కూడా ఇంత సేపు కూచోలేదు." "నువ్వు టెన్తు ఎప్పుడు చదివావురా?" "మా అబ్బాయిదండి." "పాసయ్యాడా?" "లేదండి." ఇద్దరూ నవ్వుకున్నారు. శోభనాద్రిగారి పెదాలు కదిలాయి. పీపా మూల నిలబడి ఉంది. దాని పొట్ట మీద పసుపూ బొట్టూ ఇంకా చెరగలేదు. కొత్త పడవను నీళ్ళలోకి దించేటప్పుడు పెట్టినట్టే దైవాధీనం పెట్టి, కొబ్బరికాయ కొట్టి అప్పగించాడు. అతను చేసినవన్నీ నీళ్ళు బయట ఉండేవి. నీళ్ళు లోపల ఉండేది ఇదొక్కటే.

నీళ్ళు లోపల. ఆమె ఆ మాట దగ్గర ఆగిపోయింది. పడవకు నూనె ఎక్కడ పూస్తారు? నీళ్ళు తగిలే వైపు.

కాదు. ఇది రేవు. ఇది చేపల ఐసు ఫ్యాక్టరీ. ఇవి రొయ్యలు విరిచే చేతులు. ముందు తన ముక్కునే అనుమానించాలి, పక్కవాడి పని తర్వాత. ఆమె లేచి, గ్లాసును బల్ల మీదే ఉంచి, వంగి, చెయ్యి తగలకుండా వాసన చూసింది. చిన్నచిన్నగా రెండు పీల్పులు, తర్వాత ఒక పెద్దది. మాల్టు లేచింది, మొలకెత్తించి వేయించిన బార్లీ వాసన. వేడెక్కుతోంది. బందరు హల్వా బాణలి అడుగు, గోధుమపాలు గంటలకొద్దీ కలియబెట్టాక గరిటెకు గీరితే వచ్చే అడుగు. రొట్టె పెచ్చు. ఖర్జూరం. ఆమెకు ఒక్కసారి ఏడుపు వచ్చినంత పనైంది, ఎందుకంటే ఇది అదే, ఆయన ఇరవై ఏళ్ళు చెప్పిందే, ఆ నేలమాళిగ, ఆ ముసలాయన, ఆమె ఎన్నడూ చూడని ఊళ్ళో చలికాలం చివర. దాని వెనకాల తుమ్మ. పెడనలో పుట్టింటి బావి గట్టు మీద పొద్దున్నే తుమ్మపుల్ల నములుతుంటే చిగుళ్ళు దగ్గరికి లాక్కునేది, ఆ వగరు. నాన్న అద్దకం గుడ్డను కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేస్తే, తను చిన్నప్పుడు ఎవరూ చూడకుండా ఆ గుడ్డ అంచు నాకేది, ఆ వగరు. నల్లరంగు కోసం ఇనుపముక్కలూ బెల్లమూ వేసి మగ్గబెట్టిన కుండ మీద మూత తీసి, నాన్న వేలు ముంచి నాలుక మీద పెట్టుకునేవాడు. అమ్మ తిట్టేది. నాన్న కళ్ళు మూసుకుని ఆగేవాడు. కుండ ఇంకా పండలేదంటే రంగు నిలవదని అర్థం, వ్యాపారి తొందరపెట్టినా సరే, ఇంట్లో బియ్యం లేకపోయినా సరే, అద్దకం మొదలెట్టేవాడు కాదు. కంపెనీలో ఉద్యోగానికి వచ్చినప్పుడు శోభనాద్రిగారు ఆమె డిగ్రీ మార్కులు చూసి పక్కన పెట్టి, నాలుగు గ్లాసుల నీళ్ళిచ్చారు. ఒకదాంట్లో ఏదో ఉంది, ఏమిటో చెప్పమన్నారు. ఆమె తాగి, "ఇనుము" అంది. "ఎలా తెలుసు?" "మా నాన్న కుండ సార్." ఆ రోజే ఆర్డరు చేతికిచ్చారు. తర్వాతొకసారి ఓనరు తమ్ముడు తెచ్చిన బీరు బాగాలేదని ఆమె చెప్పలేక నసుగుతుంటే, అందరి ముందూ అన్నారు, "నాలుకకు చుట్టాలు లేరమ్మాయ్."

అంతా ఉంది. మాల్టూ తుమ్మా ఉన్నాయి. వాటికంటే ముందు, ఇప్పుడు, గులాబీ కోసుకునే వేలికి ముల్లు తగిలినట్టు, అది. చలిలో పేరు లేనిది వేడికి పేరు తెచ్చుకుంది. నీచు వాసన. రేవు వాసన తలుపు కిందనుంచి వస్తుంది, పలచగా, ఉప్పుతో. ఇది గ్లాసులోంచి వస్తోంది, చిక్కగా, పాతబడి. ఆమె గ్లాసుకు దూరంగా జరిగి గదిలో గాలి పీల్చింది. మళ్ళీ గ్లాసు. మళ్ళీ మోచేయి. మళ్ళీ గ్లాసు. సొరచేప కాలేయం కాచి తీసిన నూనె. గిలకలదిండిలో ప్రతి పడవకూ పూస్తారు, చెక్కకు పురుగు పట్టకుండా. పూయని చెక్కను దైవాధీనం పని పూర్తయిన చెక్క అనుకోడు. చుక్క కారకూడదని ఆయన చెప్పి ఉంటారు. లోపల నూనె పూయకూడదని చెప్పాలని ఎవరికి తడుతుంది? తల్లికి, పిల్లకు ఆముదం పట్టొద్దని ఎవరు చెబుతారు?

ఇంతవరకూ వచ్చాక, అంతకంటే చెడ్డది ముందుకొచ్చి నిలబడింది. పీపా వచ్చినరోజు మరిగే నీళ్ళు పోసి కడిగించానని ఆయన చెప్పారు. కడిగాక తల లోపల పెట్టి చూశానన్నారు. "ఏ వాసనా లేదమ్మాయ్, అద్దంలా ఉంది" అన్నారు. ఫ్యాక్టరీ పనివాళ్ళకు ఆ వాసన రాదు. వాళ్ళ బట్టల్లో, పడకల్లో ఉండేదే అది. తోమాసుకు రాదు. ఆయనకు రావాలి. కొత్త స్టీలు తొట్టిలో గుడ్డపీచు మరిచిపోతే వాసన పట్టిన మనిషికి, సొరనూనె పూసిన పీపాలో తల పెడితే ఏ వాసనా రాలేదు. నాలుకతోపాటు ముక్కు కూడా పోయిందన్న మాట. ఆయనకు తెలియదు. వాసన లేని చోట వాసన లేదని తెలుసుకునేదెలా? ఈ నాలుగు నెలలూ ముక్కు ఉందనుకుని బతికారు. రోజూ పొద్దున్నే వచ్చి పీపా బిరడా దగ్గర ముక్కు పెట్టి చూసి వెళ్తారట, తోమాసు చెప్పాడు. "ఏం పసిగడతారో ఏమో మేడమ్, నవ్వుకుంటూ వెళ్తారు." ఏమి పట్టారు? ఎప్పుడో ఆ నేలమాళిగలో పట్టిందే మళ్ళీ పట్టి ఉంటారు.

బాగుందని చెప్పొచ్చు. ఎవరికి నష్టం? ఈ పీపా ఎవరికీ అమ్మేది కాదు. ఆయన తాగలేరు, తాగినా తెలియదు. బాగుందనే ఒక్క మాటతో ఇంటికి వెళ్తారు, ఉన్నన్నాళ్ళు ఉంటారు. కానీ నురగ చూశారు. నురగ చూసిన మనిషికి బాగుందని చెబితే, ఆమె తన కోసం నటించిందని ఆ క్షణానే తెలుస్తుంది. అప్పుడు ఆయనకు ఆమె నాలుక కూడా పోయినట్టే. ఇక ఏమీ ఉండదు.

"చలి వదిలినట్టుంది" అన్నారు శోభనాద్రిగారు. "చెప్పు."

ఆమె గ్లాసు తీసుకుని గుక్క వేసింది. మింగింది. గాలి వదిలింది.

"హల్వా బాణలి అడుగుంది సార్. రొట్టె పెచ్చు. ఖర్జూరం ఉంది, చివర్న."

"ఊఁ."

"తుమ్మ తెలుస్తోంది. వగరు ఎక్కువేగానీ మాల్టు ఆపింది దాన్ని."

"ఊఁ." ఆయన గ్లాసునే చూస్తున్నారు. "ఆగావేం? నురగ నేనూ చూశాను."

"నూనె సార్."

"గ్లాసుకా, పీపాకా?"

"పీపాకి. సొరనూనె. నీచు వాసన వస్తోంది."

కంప్రెసరు ఆగింది. ఆయన చెయ్యి చాపారు, ఆమె గ్లాసిచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. చిన్నచిన్నగా రెండు పీల్పులు, తర్వాత ఒక పెద్దది. ఆగారు. మఫ్లరు కిందికి లాక్కుని మళ్ళీ చూశారు. మోచేతి మడతలో ముక్కు పెట్టుకున్నారు, మళ్ళీ గ్లాసు. ఆమె తల దించుకుంది. రుచి చూసేవాళ్ళ మొహం చూడకూడదు.

"ఎంతుంది?" అన్నారు.

"ముందు అదే వస్తోంది సార్."

"ముందు అదే." ఆయన గ్లాసు ఒళ్ళో పెట్టుకున్నారు. "పీపాలో తల పెట్టి చూశానమ్మాయ్ నేను."

ఆమె బల్ల మీద గ్లాసు వదిలిన తడిని కొంగుతో తుడిచింది.

"సరే" అన్నారు. మఫ్లరు మళ్ళీ గొంతుకు చుట్టుకున్నారు. "మాల్టు మాత్రం వచ్చిందన్నావు."

"వచ్చింది సార్. మీరు చెప్పినట్టే వచ్చింది."

ఆయన తలూపి, గొంతు పెంచి, "దైవాధీనం!" అని పిలిచారు. పిలుపు సగంలోనే తెగిపోయింది. అయినా తలుపు వెంటనే తెరుచుకుంది. దైవాధీనం తువ్వాలు భుజం మీంచి తీసి చేత్తో పట్టుకుని లోపలికొచ్చాడు. ముందు మనుషుల వైపు కాక పీపా వైపు చూశాడు, అడుగున నేల వైపు.

"నాలుగు నెలలు. నీ పీపా చుక్క కారలేదయ్యా" అన్నారు శోభనాద్రిగారు.

"కారుద్దా బాబుగారూ!" అతని మొహం విచ్చుకుంది. "మీరు పైకి ఏం చెప్పకపోయినా నాకు తెలవదా. లోపల రెండు పూతలేశాను. మా ఇంట్లో పడవకని దాచిన సొరనూనె, ఈ ఏడాదిది. మా బావమరిది అడిగితే కూడా ఇవ్వలా." సువర్ణ వైపు తిరిగాడు. "అమ్మగారూ, మీరు చూశారంటగా. ఎట్టా ఉందండీ?"

సువర్ణ నోరు తెరిచింది. శోభనాద్రిగారు ఆమెను చూడలేదు. "మాల్టు బాగుందంది" అన్నారు.

"అయితే ఓ గుక్క ఇటివ్వండి బాబుగారూ, నా పీపాలోదేగా. మా ఊళ్ళో చెప్పుకోవాలి" అని దైవాధీనం గ్లాసు కోసం చెయ్యి చాపాడు.

శోభనాద్రిగారు గ్లాసు వెనక్కి లాక్కున్నారు. "నీక్కాదురా. ఇది నాకు డాక్టరు చెప్పిన మందు" అన్నారు. డాక్టరు మంచినీళ్ళు కూడా చెంచాతో తాగమన్నాడు. ఆయన గ్లాసు ఎత్తి తాగడం మొదలుపెట్టారు. గొంతులో ప్రతి గుక్కా ఆగి, దారి వెతుక్కుని దిగడం సువర్ణకు కనిపిస్తోంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, మంటకు. దించలేదు. దైవాధీనం చాపిన చెయ్యి దించుకుని, ఇంత ఇష్టంగా తాగుతున్నారే అన్నట్టు నవ్వుతూ చూస్తున్నాడు. ఆ గదిలో ఆ గ్లాసు మొత్తం తాగగలిగిన మనిషి ఆయనొక్కరే. చివరి చుక్క దాకా తాగి, ఖాళీ గ్లాసు ఆమె చేతికిచ్చారు. గ్లాసు గోడకు నూనె గీతలు గీతలుగా అంటుకుని ఉంది. నాలుకను అంగిలికి తాటించి, ఆగి, మళ్ళీ తాటించారు.

"వగరు తెలుస్తోందమ్మాయ్" అన్నారు. "చిగుళ్ళకి. తుమ్మేనా?"

"తుమ్మే సార్" అంది సువర్ణ.